బెడ్ల మీద తెల్ల పొర, తగ్గుతున్న బోరు: పాలీహౌస్ కీరదోస రైతుకు జవాబు

ప్రశ్న: మాది మడకశిర దగ్గర పల్లె. ఎకరం పాలీహౌస్‌లో కీరదోస వేశాం. నాటి 45 రోజులైంది, కోతలు మొదలయ్యాయి. బెడ్డుకూ బెడ్డుకూ ఐదడుగులు, బెడ్డు మీద రెండు డ్రిప్పు పైపులు, అడుగుకొక డ్రిప్పర్, గంటకు 2 లీటర్లది. నాలుగు వాల్వులున్నాయి, ఒక్కోదానికి రోజూ గంట తడి ఇస్తున్నాం. మల్చింగ్ వేయలేదు. రోజూ 8 కిలోల 19-19-19, వారానికి రెండుసార్లు పదేసి కిలోల కాల్షియం నైట్రేట్, ఒకసారి 10 కిలోల 0-0-50 వదులుతున్నాం. అయినా ఆకుల అంచులు మాడుతున్నాయి, పిందెలు పసుపుబారి రాలుతున్నాయి, బెడ్ల అంచుల మీద తెల్లగా ఉప్పులా పేరుకుంటోంది. పొద్దున్నే ఆకుల చుట్టూ నీటి బొట్లు కనిపిస్తున్నాయి. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పును తెలిపే కొలత) 1.1 అన్నారు. ఆ బోరు కూడా మార్చి రాగానే తగ్గుతోంది. షాపులో అడిగితే ఎరువు చాలలేదు, డోసు పెంచమంటున్నారు. మా మామగారు నేల పదును ఆరకూడదంటారు. ఒక కంపెనీ వాళ్లు సెన్సార్లు, ఆటోమేటిక్ యూనిట్ పెట్టుకోమంటున్నారు. 35 టన్నులు వస్తాయని ఆశపడ్డాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఎరువు పెంచకండి, నీళ్లు కూడా పెంచకండి. మీ వివరాలు చూస్తే మీ పంటకు రెండూ ఎక్కువయ్యాయి. సగానికి సగం తగ్గించుకోవచ్చు. ఊరికే చెబితే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు కాబట్టి లెక్క రాస్తున్నాను. కాగితం మీద వేసి మీవాళ్లకు చూపించండి.

ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. ఐదడుగులకొక బెడ్డు అంటే మొత్తం బెడ్ల పొడవు సుమారు 8,700 అడుగులు. రెండు పైపులు, అడుగుకొక డ్రిప్పర్ కాబట్టి 17,400 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 2 లీటర్లు. నాలుగు వాల్వులూ గంటేసి తిప్పితే రోజుకు రమారమి 35,000 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్లు. అంటే మీరు రోజూ పాలీహౌస్‌లో ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల వాన కురిపిస్తున్నారన్నమాట. కప్పు కింద గాలి వీయదు, ఎండ కొంత తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. ఆరుబయట చేనుతో పోలిస్తే మొక్క తాగేది తక్కువే. మార్చి ఎండలో నిండుగా కాపు మీదున్న కీరకు రోజుకు 4 మిల్లీమీటర్లు, అంటే 16,000 లీటర్లు సరిపోతుంది. మొక్కల లెక్కన చూస్తే ఒక్కో మొక్కకు లీటరున్నర పైచిలుకు. మీ నీళ్లలో ఉప్పు ఉంది కాబట్టి దాన్ని వేళ్ల కిందికి నెట్టడానికి ఇంకో పది శాతం కలుపుకోండి. 17,500 లీటర్లు అనుకుందాం. అంటే వాల్వుకు అరగంట. ఏప్రిల్ చివరికి ఇంకో ఐదారు నిమిషాలు పెంచాల్సి రావచ్చు. మబ్బు పట్టిన రోజు సగం చాలు. నారు నాటిన మొదటి రెండు మూడు వారాలైతే ఇందులో మూడో వంతు కూడా అక్కర్లేదు.

ఆ మిగతా 17,500 లీటర్లు ఎక్కడికి పోతున్నాయో మీరే చూడండి. కొన్నేళ్ల కిందట హిందూపురం వైపు ఒక క్యాప్సికం పాలీహౌస్‌కు పిలిస్తే వెళ్లాను. చెట్లు మధ్యాహ్నానికి వాడిపోతున్నాయని ఆ రైతు తడి పెంచుకుంటూ పోయాడు. బెడ్డు పక్కన పారతో మోకాలి లోతు గుంట తీయించాను. పైన జానెడు మేర వేళ్లున్నాయి, అవి కూడా గోధుమ రంగుకు తిరిగి కొసలు మెత్తబడ్డాయి. దాని కింద ఒక్క వేరు లేదు. మోకాలి లోతులో మట్టి పిసికితే చేతివేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి, మురుగు వాసన వేసింది. పైన వేసిన నైట్రేట్ అంతా ఆ నీళ్లతో కిందికి దిగిపోయింది. కింద నీళ్లలో మునిగిన వేరుకు ఊపిరాడక పై చెట్టు దాహంతో వాడిపోతోంది. ఆ రైతు చెట్టుకు ఇంకా నీళ్లు కావాలనుకున్నాడు. అతను సోమరి కాదు, పొద్దు పొడవక ముందే వచ్చి వాల్వు తిప్పేవాడు. అందుకే ఆ గుంట చూసి నాకు చాలా బాధేసింది.

మీరూ అలాంటి గుంట ఒకటి తీయండి. తడి ఇచ్చిన నాలుగు గంటల తర్వాత జానెడున్నర లోతు మట్టి పిడికెడు తీసి పిసకండి. ముద్ద కట్టాలి, అరచేతికి చెమ్మ అంటాలి, నీరు మాత్రం కారకూడదు. మోకాలి లోతులో మట్టి ఎప్పుడూ ముద్దగానే ఉంటే తడి ఎక్కువైనట్టే. అదే సమయంలో ఒక మొక్కను వేళ్లతో సహా పెకలించి చూడండి. వేళ్లకు బుడిపెలుంటే అది నులిపురుగు. పాలీహౌస్‌లో వరుసగా కీర, క్యాప్సికం, టమాటా వేసే చోట ఇది బాగా ఎక్కువ. నులిపురుగు పట్టిన మొక్క కూడా మధ్యాహ్నం వాడిపోతుంది, నీళ్లు పోస్తే తీరదు. అది కనిపిస్తే మీ మండల ఉద్యాన అధికారిని పిలిచి చూపించండి, దానికి వైద్యం వేరు.

పొద్దున్నే కనిపించే నీటి బొట్ల సంగతి. అది మంచు కాదమ్మా. రాత్రంతా వేళ్ల దగ్గర నీళ్లు నిండుగా ఉండి, లోపలి గాలి తేమగా ఉంటే ఆకు ఆవిరిగా వదలలేదు, అంచుల్లోని సన్నని రంధ్రాల్లోంచి బొట్లుగా తోసేస్తుంది. ఆ బొట్టులో లవణాలుంటాయి. పది గంటలకు ఎండ తగిలి బొట్టు ఆరిపోతుంది, లవణం అంచు మీదే మిగిలి ఆకును కాలుస్తుంది. మీ ఆకుల అంచులు మాడటానికి ఇదొక కారణం, నేలలో పెరిగిన ఉప్పు ఇంకొకటి. మాడిన అంచు చూసి ఎరువు చాలలేదని డోసు పెంచితే మంట మీద నూనె పోసినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక రైతుకు ఇలాగే డోసు పెంచమని చెప్పాను. రెండు వారాల్లో ఆ పంట పోయింది. అప్పటి నుంచి ఈసీ మీటరు జేబులో లేకుండా పాలీహౌస్‌లో అడుగు పెట్టలేదు.

కాబట్టి ఆ అరగంటను రెండు తడులుగా విడగొట్టండి. పొద్దున ఎనిమిదికి పావుగంట, పదకొండున్నరకు పావుగంట. చివరి డ్రిప్పర్ దాకా నీళ్లు చేరాకే గడియారం చూడటం మొదలుపెట్టండి. మధ్యాహ్నం రెండు దాటాక నీళ్లు వద్దు. సాయంత్రం తడి ఇస్తే రాత్రి తేమ పెరుగుతుంది, కీరకు బూజు తెగులు పట్టేది ఆ తేమతోనే.

ఇక ఎరువు. బస్తా మీద 19-19-19 అని ఉంటే నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి నూటికి 19 పాళ్లు అని. రోజుకు 8 కిలోల చొప్పున వంద రోజులకు 800 కిలోలు. అంటే మూడూ ఒక్కోటి 152 కిలోలు. దీనికి కాల్షియం నైట్రేట్ ఇచ్చే నత్రజని 43 కిలోల దాకా, 0-0-50 ఇచ్చే పొటాష్ 70 కిలోల దాకా కలపండి. ఇప్పుడు పంట తీసుకునేది చూద్దాం. టన్ను కీర కాయకు సుమారు 3 కిలోల నత్రజని, కిలో నుంచి కిలోన్నర భాస్వరం, 4 కిలోల పొటాష్ కావాలి. 35 టన్నులకు నత్రజని 105, భాస్వరం 50, పొటాష్ 140 కిలోలు. మీరు బస్తాల్లోంచే ఇచ్చేది నత్రజని 195, భాస్వరం 152, పొటాష్ 222. దుక్కిలో వేసిన పశువుల ఎరువు దీనికి అదనం. భాస్వరమైతే మూడింతలు! మన ఎర్రనేలలో భాస్వరం కదలదు, పేరుకుపోయి జింకును, ఇనుమును మొక్కకు అందనివ్వదు. అప్పుడు లేత ఆకులు పాలిపోతే ఇంకో డబ్బా సూక్ష్మపోషకాలు కొంటారు. డబ్బు పెట్టి తెచ్చుకున్న కొరత అది.

19-19-19 చెడ్డ ఎరువేం కాదు. నాటిన మొదటి మూడు వారాలు, వేళ్లు పట్టేదాకా పనికొస్తుంది. కాపు మొదలయ్యాక ఆపేయండి. మీ పంటకు ఇప్పుడు ఒకరోజు 6 కిలోల కాల్షియం నైట్రేట్, మర్నాడు 6 కిలోల 13-0-45, మళ్లీ కాల్షియం నైట్రేట్, ఇలా రోజు మార్చి రోజు ఇవ్వండి. వారానికొకసారి 13-0-45 ఇచ్చే రోజు దాంట్లో కిలోన్నర 0-52-34 కలపండి. మెగ్నీషియం సల్ఫేటు వారానికి 2 కిలోలు, అదీ కాల్షియం ఇవ్వని రోజే. మొత్తం మీద రోజుకు 6 కిలోల పైచిలుకు. ఇప్పుడు మీరిస్తున్నది సగటున 12 కిలోలు. ఇది మీరు చెప్పిన వివరాలను బట్టి వేసిన లెక్క. మట్టి పరీక్ష చేయించాక ఆ ఫలితాన్ని బట్టి సవరించుకోవాలి.

కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేటు ఉన్న ఎరువుతో గానీ, భాస్వరం ఉన్న ఎరువుతో గానీ ఒకే డ్రమ్ములో కలపొద్దని ఎన్నిసార్లు చెప్పినా కలిపేవాళ్లు కలుపుతూనే ఉన్నారు. నా మాట నమ్మకండి, చేసి చూడండి. ఒక గాజు గ్లాసు నీళ్లలో చెంచా కాల్షియం నైట్రేట్ కరిగించండి, ఇంకో గ్లాసులో చెంచా మెగ్నీషియం సల్ఫేటు కరిగించండి. రెండూ తేటగా ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి పోసి కాసేపు ఉంచండి. సున్నపు నీళ్లలా తెల్లబడి అడుగున పిండి పేరుకుంటుంది. అది జిప్సం. డ్రిప్పర్ లోపలి సన్నని దారిలో చేరేదీ ఆ పిండే. అందుకే ఒకరోజు అది, ఒకరోజు ఇది అని చెప్పాను.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యం. ఎరువు రెండో తడిలో పెట్టుకోండి. మొదటి 4 నిమిషాలు ఉత్త నీళ్లు, తర్వాత 7 నిమిషాలు ఎరువు, చివరి 4 నిమిషాలు మళ్లీ ఉత్త నీళ్లు. మొదట్లోనే ఎరువు వదిలితే తర్వాతి నీళ్లు దాన్ని వేళ్ల కిందికి తోసేస్తాయి. చివర్లో వదిలితే పైపుల్లోనే మిగిలి పాచి పడుతుంది. వాల్వుకు కిలోన్నర ఎరువు 15 లీటర్ల నీళ్లలో కరిగించండి. ఎరువు నీళ్లను పైపులోకి పీల్చే మీ వెంచురి ఆ 15 లీటర్లు ఎంతసేపట్లో పీలుస్తుందో ముందు ఉత్త నీళ్లతో చూసుకోండి. ఏడు నిమిషాల్లో అవకపోతే ఆ తడినే కొంచెం పొడిగించి పొద్దుటి తడి తగ్గించండి.

మీ బెడ్ల అంచున ఉన్న తెల్ల పొర విషయం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే పాలీహౌస్ రైతులను నెమ్మదిగా ముంచేది అదే. ఈసీ 1.1 అంటే లీటరు నీళ్లలో సుమారు 700 మిల్లీగ్రాముల లవణాలు. తాగడానికి ఇబ్బంది అనిపించకపోవచ్చు. కానీ రోజుకు 35,000 లీటర్లతో పాటు 25 కిలోల దాకా ఉప్పు మీ ఎకరంలోకి వెళ్తోంది. అరబస్తా! దీని మీద 12 కిలోల ఎరువు. ఆరుబయట చేనైతే ఏడాదికి నాలుగు మంచి వానలు పడి కడిగేస్తాయి. మీ కప్పు కింద వాన చుక్క పడదు. డ్రిప్పర్ కింద నేల కడిగినట్టే ఉంటుంది, ఉప్పంతా తడి గుండ్రం అంచుకు జరిగి, అక్కడ నీరు ఆవిరైపోగానే తెల్లగా తేలుతుంది. నీళ్లు సగం చేస్తే దిగే ఉప్పు కూడా సగం అవుతుంది. నీళ్ల పొదుపంటే బోరు కోసమే అనుకుంటారు. మీ నేల కోసం కూడా.

నేలలో ఉప్పు పెరిగితే కీర కొంత తట్టుకుంటుంది. వేళ్ల దగ్గరి మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి, దాంట్లోంచి తీసిన నీళ్లలో ఈసీ 2.5 దాకా దిగుబడి తగ్గదు. అది దాటాక ఒక్కో యూనిట్‌కూ నూటికి 13 పాళ్లు పోతుంది. క్యాప్సికం ఇంకా సున్నితం, 1.5 దగ్గరే మొదలవుతుంది. రేపు క్యాప్సికం వేయాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. మట్టి పరీక్ష కేంద్రంలో మామూలుగా మట్టిని నీళ్లలో కలిపి చూసే ఈసీ వేరు. ఆ కాగితంలో 1 లోపు ఉంటే ఫరవాలేదు, 2 దాటితే కూరగాయలకు కష్టం. రెండు అంకెలనూ కలిపేసి గాబరా పడకండి.

ఇప్పటికిప్పుడు మూడు నాలుగు రోజులు ఎరువు పూర్తిగా ఆపి ఉత్త నీళ్లివ్వండి. అందులో ఒకరోజు మాత్రం పొద్దున్నే ఆగి ఆగి తడులిస్తూ గంట దాకా వదలండి, ఉప్పు కిందికి దిగుతుంది. బెడ్డు మీది తెల్ల పొరను పైపైన గీకి బయట పారేయండి, బెడ్డులోకి కలపకండి. మల్చింగ్ షీటు లేదన్నారు కదా, వచ్చే పంటకు వెండి రంగు పైకి వచ్చేలా 25 లేదా 30 మైక్రాన్ల షీటు వేసుకోండి. ఈ పంటకు మన వైపు చౌకగా దొరికే వేరుశనగ పొట్టు బెడ్డు మీద రెండు వేళ్ల మందాన పరిస్తే నేల నుంచి ఆవిరయ్యే నీళ్లు తగ్గుతాయి, ఉప్పు పైకి తేలడమూ తగ్గుతుంది. స్పెయిన్‌లో అల్మేరియా అని 30,000 హెక్టార్లకు మించి ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు పండించే చోటుంది, మనకన్నా తక్కువ వాన పడే నేల. అక్కడి రైతులు పశువుల ఎరువు మీద బెత్తెడు ఇసుక పరిచి సాగు చేసేది కూడా ఈ పని కోసమే. కోతలన్నీ అయిపోయాక ఎండాకాలంలో ఎరువు వేయకుండా దగ్గరగా జొన్న చల్లి, నలభై రోజులకు కోసి బయటికి తీసేయండి. నేలలో మిగిలిపోయిన నత్రజనిని అది లాగేస్తుంది. పశువులకు వేసేముందు మాత్రం పశువైద్యుణ్ని అడగండి. నైట్రేట్ ఎక్కువున్న లేత జొన్న ప్రమాదం.

డ్రిప్పర్లన్నీ ఒకేలా కారుతున్నాయా అన్నది ఇంకో విషయం. కొన్ని మూసుకుపోతే అక్కడి మొక్కలు ఎండకుండా ఉండాలని అన్నిటికీ ఎక్కువిస్తాం. పదహారు ప్లాస్టిక్ గ్లాసులు తీసుకుని వాల్వు మొదట్లో, మధ్యలో, చివర్లో డ్రిప్పర్ల కింద పెట్టండి. ఆరు నిమిషాలకు ఒక్కోదాంట్లో 200 మిల్లీలీటర్లు పడాలి. తక్కువ పడిన నాలుగు గ్లాసుల సగటు, మొత్తం సగటులో నూటికి 90 ఉంటే బాగున్నట్టు. 80 కన్నా తక్కువైతే ఎండ్ క్యాపులు విప్పి పైపులు కడగాలి, ఫిల్టరు శుభ్రం చేయాలి, సున్నం పట్టి ఉంటే యాసిడ్ పట్టించాలి. యాసిడ్ పట్టించేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. పాచికి వాడే బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకండి, ఊపిరి ఆపేసే విషవాయువు పుడుతుంది. మొదటిసారి డ్రిప్పు కంపెనీ మనిషిని పక్కన పెట్టుకునే చేయండి.

మీ కప్పు వానను ఆపేస్తుందని బాధపడ్డాం కదా, ఆ కప్పే మీకు పెద్ద చెరువు కూడా. ఎకరం కప్పు 4,000 చదరపు మీటర్లు. మన అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన అనుకుందాం, నూటికి 80 పట్టుకున్నా 17 లక్షల లీటర్ల పైన. కొత్త లెక్క ప్రకారం మీకు వంద రోజుల తడి. వాన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. సగం బోరు నీళ్లు, సగం వాన నీళ్లు కలిపి వాడితే ఈసీ సగానికి పడిపోతుంది, ఆరు నెలలు వస్తాయి. గట్టర్ల నుంచి పైపు దింపి, ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలోకి పంపండి. వానలు పడే కొద్దీ వాడుకుంటూ పోతారు కాబట్టి 8 నుంచి 10 లక్షల లీటర్ల కుంట చాలు. పైన షేడ్‌నెట్ కప్పితే ఆవిరి తగ్గుతుంది, పాచి కూడా తగ్గుతుంది. చుట్టూ కంచె తప్పకుండా వేయించండి. షీటు వేసిన కుంటలో జారిన పిల్లలు పట్టు దొరక్క పైకి రాలేరు. పాలీహౌస్ మీద ఖర్చు పెట్టాలంటే నేనైతే ముందు దీని మీదే పెట్టమంటాను.

సెన్సార్లు, ఆటోమేటిక్ యూనిట్ ఇప్పుడొద్దు. అవి చెడ్డవని కాదు. కానీ ఎన్ని నీళ్లు, ఎంత ఎరువు అన్నది తేలకుండా యంత్రం పెడితే అది తప్పునే టైముకు చేసిపెడుతుంది. చేతిలో ఇమిడే ఈసీ మీటరు ఒకటి, రెండు టెన్షియోమీటర్లు కొనండి. నేల ఎంత ఆరిందో ముల్లుతో చూపే గొట్టాలవి, అంకె పెరిగితే నేల ఆరినట్టు. ఒకటి జానెడు లోతులో, ఒకటి మూరెడు లోతులో పాతండి. పైదాని ముల్లు 10 నుంచి 20 మధ్య తిరుగుతుంటే తడి సరిపోయినట్టు. కిందిది ఎప్పుడూ 10 లోపే ఉంటే కిందికి నీళ్లు పారుతున్నట్టు. వారానికొకసారి ఒక డ్రిప్పర్ కింద రెండు తడుల నీళ్లూ ఒకే గిన్నెలో పట్టి ఈసీ కూడా చూడండి. ఎరువుతో కలిపి 1.5, 1.6 దగ్గర ఉండాలి.

మీ మామగారి మాటను కొట్టేయకండి. ఆరుబయట వేరుశనగకు, వర్షాధారానికి పదును ఆరకూడదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం, ఆయన అలాగే పండించారు. ఆయన చెప్పే పదునే మనకూ కావాలి, జానెడున్నర లోతులో. గుంట తీసినప్పుడు ఆయన్నే పిలిచి మట్టి చేతికివ్వండి. మట్టి పట్టుకుని చూసిన మనిషి నా లెక్క కన్నా ముందే అర్థం చేసుకుంటారు.

ఇదంతా ఒకేసారి నాలుగు వాల్వులకూ చేయడానికి భయమేస్తే మొదటి రెండు వాల్వులకు మాత్రం అరగంట తడి, సగం ఎరువు మొదలుపెట్టండి. మూడు, నాలుగు వాల్వులు ఇప్పుడున్నట్టే నడవనివ్వండి. కోత కోతకూ రెండు వైపులా కాయను వేరు వేరు క్రేట్లలో పోసి తూకం రాయండి. పసుపుబారిన పిందెలు కూడా ఏరి లెక్కపెట్టండి. మొదటి వారంలో తేడా కనిపించకపోవచ్చు, ఇప్పుడు చెట్టు మీదున్న పిందెలు పాత నేలలో పట్టినవే. మూడో వారానికి కొత్త ఆకుల అంచులు చూడండి, ఆ తర్వాత మిగతా రెండు వాల్వులు తిప్పాలా వద్దా మీరే నిర్ణయించుకుంటారు. ఆ తూకాల కాగితం ఒక కాపీ నాకూ పంపండి.